గిరగిర తిరిగే ఎలక్ట్రాన్లు, గైరోట్రాన్ల వేడి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కేంద్రక సంలీనం (తేలిక కేంద్రకాలు కలిసి శక్తినివ్వడం) గురించి గత సంచికలో ఇచ్చిన జవాబులో “ప్లాస్మాను మైక్రోవేవ్ తరంగాలతో వేడి చేస్తారు” అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాను. ఆ వాక్యం దగ్గరే చాలామంది పాఠకులు ఆగిపోయారని ఈ నెల వచ్చిన ఉత్తరాలు చూస్తే తెలుస్తోంది. సంలీన పరిశోధనలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే కాబట్టి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, ఒక్కొక్కరి మాటల్లో ఇస్తున్నాను.

ప్రశ్న: మా వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ గిన్నెడు అన్నాన్ని రెండు నిమిషాల్లో వేడి చేస్తుంది. అవే తరంగాలతో 10 కోట్ల డిగ్రీల వేడి పుట్టిస్తారంటే నమ్మశక్యంగా లేదు. ఆ ఓవెన్‌నే పెద్దదిగా కట్టారా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: రెండు చోట్లా ఉన్నవి విద్యుదయస్కాంత తరంగాలే అయినా అవి వేడిని అందించే తీరు పూర్తిగా వేరు. మీ ఓవెన్‌లోని తరంగం సెకనుకు 245 కోట్ల సార్లు కంపిస్తుంది. దాని తరంగదైర్ఘ్యం సుమారు 12 సెంటీమీటర్లు. నీటి అణువుకు ఒక కొసన కొద్దిగా ధనావేశం, మరో కొసన కొద్దిగా ఋణావేశం ఉంటాయి కాబట్టి, అన్నంలోని నీటి అణువులు ఆ తరంగాన్ని అనుసరించి అటూ ఇటూ తిరగబోతాయి. అలా తిరగబోయి పక్క అణువులతో ఒరుసుకుంటాయి, ఆ ఒరిపిడే వేడి అవుతుంది. నీటి అణువు సహజ పౌనఃపున్యం అదేనని, అందుకే ఓవెన్‌కు దాన్ని ఎంచుకున్నారని చాలాచోట్ల రాస్తుంటారు కానీ అది పొరపాటు. పౌనఃపున్యం కొంత ఎక్కువైనా తక్కువైనా అన్నం వేడెక్కుతూనే ఉంటుంది.

ప్లాస్మాలో నీరు లేదు, అసలు అణువులే లేవు. హైడ్రోజన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి, ఎలక్ట్రాన్లు ఒక పక్క, ధనావేశమున్న అయాన్లు ఒక పక్క విడివిడిగా పరుగెడుతుంటాయి. వాటిని గోడలకు తగలకుండా బలమైన అయస్కాంత క్షేత్రం పట్టి ఉంచుతుంది. ఆ క్షేత్రంలో ప్రతి ఎలక్ట్రానూ బలరేఖ చుట్టూ గిరగిర తిరుగుతూ ముందుకు సాగుతుంది. అది సెకనుకు ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది దాని వేగాన్ని బట్టి కాక, దాదాపు పూర్తిగా అయస్కాంత క్షేత్రం బలాన్ని బట్టే నిర్ణయమవుతుంది. ఒక టెస్లా క్షేత్రంలో అది సెకనుకు 2,800 కోట్ల చుట్లు, అంటే 28 గిగాహెర్ట్జ్. వేగం ఎక్కువున్న ఎలక్ట్రాన్ పెద్ద వలయంలో, తక్కువున్నది చిన్న వలయంలో తిరుగుతాయి. చుట్టుకు పట్టే సమయం మాత్రం రెండింటికీ ఒకటే. ఆస్పత్రుల్లోని ఎమ్మారై యంత్రంలో సాధారణంగా ఉండే క్షేత్రం 1.5 టెస్లా, అలాంటి చోట ఎలక్ట్రాన్ 42 గిగాహెర్ట్జ్‌తో తిరుగుతుంది. ఈ 42 అనే అంకెను గుర్తుంచుకోండి, కింద మళ్లీ వస్తుంది.

గానుగ చుట్టూ తిరిగే ఎద్దును ఊహించుకోండి. దాని పక్కనే, దాని అడుగుకు సరిగ్గా అడుగు కలుపుతూ నడిచే మనిషి ప్రతి క్షణం దాన్ని ముందుకు తోయగలడు. అతని నడక వేగం వేరుగా ఉంటే కాసేపు ముందుకు, కాసేపు వెనక్కు నెట్టినట్టై చివరికి మిగిలేది ఏమీ ఉండదు. మైక్రోవేవ్ తరంగంలోని విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్ తిరిగే పౌనఃపున్యంతోనే తిరిగితే, ఆ మనిషిలాగే ప్రతి చుట్టులోనూ ఎలక్ట్రాన్‌కు శక్తిని జోడిస్తూ పోతుంది. ఓవెన్‌లో లేని ఈ అడుగు కలవడం, అంటే అనునాదం, ఇక్కడ ఉంది.

ఇక 10 కోట్ల డిగ్రీల సంగతి. ప్లాస్మా అత్యంత పలచని పదార్థం. ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్ అనే సంలీన యంత్రంలో ఘనపు మీటరుకు ఉండబోయే కణాల సంఖ్య మనం పీల్చే గాలిలోని అణువుల సంఖ్యలో సుమారు రెండున్నర లక్షల వంతు. 800 ఘనపు మీటర్లకు పైగా ఉండే ఆ ప్లాస్మా మొత్తం బరువు అర గ్రాముకు లోపే. అంత కొద్ది పదార్థం మీద మెగావాట్ల శక్తిని గుమ్మరిస్తే, ఆ వేడి బయటికి జారిపోకుండా అయస్కాంత క్షేత్రం కాపలా కాస్తే, ఉష్ణోగ్రత కోట్ల డిగ్రీలకు చేరడంలో ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: టోకమాక్ ప్లాస్మాలో లక్షల ఆంపియర్ల కరెంటు పారుతుందని రాశారు. కరెంటు పారితే నిరోధం వల్ల వేడి పుడుతుంది కదా, మళ్లీ వేరే హీటింగ్ ఎందుకు?
– ఒక విశ్రాంత విద్యుత్ ఇంజనీరు, కొత్తగూడెం

జవాబు: మీరన్నది నిజమే. టోకమాక్, అంటే ప్లాస్మాను వలయాకారంలో అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే యంత్రం, తొలిదశలో వేడెక్కేది అలాగే. మధ్యనున్న తీగచుట్ట ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలాగా, వలయాకారపు ప్లాస్మా సెకండరీలాగా పనిచేస్తాయి. అయితే రాగి తీగ వేడెక్కితే నిరోధం పెరగడం మీకు అనుభవంలో ఉన్న విషయం. ప్లాస్మాలో జరిగేది దానికి నేరుగా వ్యతిరేకం. వేగంగా పోయే ఎలక్ట్రాన్‌ను అయాన్ తన వైపు లాగి దారి మళ్లించడానికి వ్యవధి చాలదు కాబట్టి, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ వాటి మధ్య ఢీలు బలహీనపడతాయి, నిరోధం తగ్గిపోతుంది. ఉష్ణోగ్రత నాలుగు రెట్లయితే నిరోధం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెండు మూడు కోట్ల డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ప్లాస్మా రాగి కంటే మంచి వాహకమైపోయి, అదే కరెంటు దానిని ఇంకా వేడెక్కించలేని స్థితి వస్తుంది. హైడ్రోజన్‌లోని బరువైన రకాలైన డ్యుటీరియం, ట్రిటియం కలయికకు కావలసింది 10 కోట్ల నుంచి 20 కోట్ల డిగ్రీలు. మిగిలిన ఆ దూరం దాటించడానికి బయటి నుంచి వేడి కావాలి.

స్టెల్లరేటర్ అనే రెండో రకం యంత్రాలకైతే ఈ అవసరం మొదటి క్షణం నుంచే ఉంది. వాటిలో తీగచుట్టలనే మెలికలు తిప్పి క్షేత్రాన్ని మలుస్తారు కాబట్టి ప్లాస్మాలో పెద్ద కరెంటు పారవలసిన పనే లేదు. జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో ఉన్న వెండెల్‌స్టైన్ 7-ఎక్స్ అలాంటిది. 2015 డిసెంబరు 10న దానిలో తొలి ప్లాస్మాను పుట్టించింది మైక్రోవేవ్ తరంగాలే. ఒక మిల్లీగ్రాము హీలియం వాయువు మీద 1.8 మెగావాట్ల స్పందనను (పల్స్‌ను) వదిలితే, సెకనులో పదో వంతు పాటు నిలిచిన ఆ ప్లాస్మా 10 లక్షల డిగ్రీలకు చేరింది. 2016 ఫిబ్రవరి 3న అప్పటి జర్మనీ ఛాన్స్‌లర్ ఆంగెలా మెర్కెల్ మీట నొక్కగా 2 మెగావాట్ల మైక్రోవేవ్ స్పందన హైడ్రోజన్‌ను 8 కోట్ల డిగ్రీలకు తీసుకువెళ్లింది. ఆ ప్లాస్మా పావు సెకను నిలిచింది. 2023 ఫిబ్రవరిలో అదే యంత్రం 8 నిమిషాల పాటు ప్లాస్మాను నిలిపి, ఆ వ్యవధిలో మొత్తం 1.3 గిగాజౌళ్ల శక్తిని దాని గుండా నడిపింది. పావు సెకను నుంచి 8 నిమిషాలకు పెరగడమే నా దృష్టిలో ఈ చరిత్రలో ముఖ్యమైన అంశం. పత్రికలు మాత్రం ఉష్ణోగ్రత అంకెనే పెద్ద అక్షరాల్లో వేశాయి.

బయటి నుంచి వేడి చేసే దారులు ఇంకా ఉన్నాయి. తటస్థ పరమాణువుల పుంజాన్ని లోపలికి కొట్టవచ్చు. అయాన్లు తిరిగే పౌనఃపున్యంలో, అంటే పదుల మెగాహెర్ట్జ్‌లలో, రేడియో తరంగాలను పంపవచ్చు. కానీ పుంజాన్ని పుట్టించే యంత్రానికి చాలా చోటు కావాలి. అయాన్ల రేడియో తరంగాలు ప్లాస్మా అంచున పలచని పొరలో సాగలేక క్షీణిస్తాయి కాబట్టి, యాంటెనాను మండే ప్లాస్మాకు కొద్ది సెంటీమీటర్ల దూరంలో ఉంచక తప్పదు. ఎలక్ట్రాన్లను తాకే మిల్లీమీటరు తరంగాలకు ఆ ఇబ్బంది లేదు. అవి శూన్యంలో కాంతిలాగా సాగిపోతాయి. అద్దాన్ని ఎంత దూరంలో పెట్టినా పని జరుగుతుంది.

ప్రశ్న: సంలీనంలో కలిసేవి అయాన్లు. ఎలక్ట్రాన్లకు ఆ చర్యలో పాత్రే లేదు. మరి అయాన్లను వదిలి ఎలక్ట్రాన్లను వేడి చేయడం శక్తిని వృథా చేయడం కాదా?
– ఎమ్మెస్సీ భౌతికశాస్త్ర విద్యార్థిని, వరంగల్

జవాబు: ఈ నెల వచ్చిన వాటిలో అత్యుత్తమమైన ప్రశ్న ఇదేనని చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతి అసలైన బలహీనతను మీరు పట్టుకున్నారు.

ఎలక్ట్రాన్లు తమ శక్తిని అయాన్లకు ఢీల ద్వారా అందిస్తాయి. డ్యుటీరియం అయాన్ ఎలక్ట్రాన్ కంటే సుమారు 3,670 రెట్లు బరువు. ఒక గోలీ వెళ్లి రుబ్బురోలుకు తగిలినట్టు, ఎలక్ట్రాన్ దిశ మార్చుకొని వెనక్కు పోతుందే కానీ రోలు కదలదు. ఒక్క ఢీలో అందే శక్తి ఎంత ఎక్కువైనా వెయ్యో వంతు దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఎలక్ట్రాన్ల వేడి అయాన్లకు చేరడానికి వ్యవధి కావాలి. ఈ వ్యవధి, ప్లాస్మా తన వేడిని నిలుపుకోగల వ్యవధి కంటే తక్కువైతే అయాన్లు ఎలక్ట్రాన్లను అందుకుంటాయి. ఎక్కువైతే, ఎలక్ట్రాన్లు పొందిన వేడి అయాన్లకు చేరకముందే బయటికి పోతుంది.

దీన్ని నిర్ణయించేది సాంద్రత. ప్లాస్మా చిక్కబడితే ఢీలు పెరిగి వేడి మార్పిడి వేగవంతమవుతుంది. వెండెల్‌స్టైన్ 7-ఎక్స్ తొలి ప్రయోగాల్లో పలచని ప్లాస్మాలోని ఎలక్ట్రాన్లు కోట్ల డిగ్రీలకు ఎగబాకినా, అయాన్లు వాటికి చాలా వెనుకబడి ఉండిపోయాయి. పైన చెప్పిన 8 కోట్ల డిగ్రీలను చదివేటప్పుడు ఈ తేడాను మనసులో ఉంచుకోవాలి. ఆ తరువాత గడ్డకట్టించిన హైడ్రోజన్ గుళికలను లోపలికి కొట్టి సాంద్రతను పెంచినప్పుడు అయాన్లు కూడా సుమారు 4 కోట్ల డిగ్రీలకు చేరాయని 2018లో ప్రకటించారు. అక్కడ ప్రధానమైన హీటింగ్ మైక్రోవేవ్ తరంగాలదే కాబట్టి, ఎలక్ట్రాన్ల నుంచి అయాన్లకు మార్గం తెరుచుకుందని ఆ ఫలితం చూపింది. ఇటర్‌లో అనుకుంటున్న సాంద్రత దగ్గర ఈ మార్పిడికి సుమారు ఒక సెకను పడుతుంది, ప్లాస్మా వేడిని నిలుపుకోవలసిన వ్యవధి మూడు సెకన్లకు పైగా ఉంటుంది. అంటే లెక్క కుదురుతుంది.

మీ ప్రశ్నకు మరో పార్శ్వం కూడా ఉంది. డ్యుటీరియం, ట్రిటియం కలిసినప్పుడు 14.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో న్యూట్రాన్ బయటికి పోతుంది, 3.5 మెగా ఎలక్ట్రాన్ వోల్టులతో హీలియం కేంద్రకం లోపలే మిగిలి, ప్లాస్మాను తనంత తానుగా మండించే పని చేయాలి. అతి వేగంగా పుట్టిన ఆ హీలియం కేంద్రకం తన శక్తిలో ఎక్కువ భాగాన్ని ముందు ఎలక్ట్రాన్లకే ధారపోస్తుంది. అంటే రేపటి సంలీన రియాక్టరులో కూడా వేడి మొదట ఎలక్ట్రాన్లకు చేరి, అక్కడి నుంచే అయాన్లకు పోవాలి. ఈనాడు మైక్రోవేవ్‌లతో ఎలక్ట్రాన్లను వేడి చేస్తూ ప్లాస్మా ఎలా నడుచుకుంటుందో చూడడమంటే, ట్రిటియం జోలికి పోకుండానే ఆ రేపటి పరిస్థితిని ముందుగా పరీక్షించి చూడడం. అందువల్ల దీనిని వృథా అనడానికి నాకు మనస్కరించదు.

ప్రశ్న: ఒక ఓవెన్‌లో ఒక కిలోవాటు అనుకుంటే, మెగావాట్ల మైక్రోవేవ్ శక్తిని పుట్టించే పరికరం ఏది? దాన్ని ప్లాస్మా దాకా ఎలా తీసుకెళ్తారు?
– ఐటీఐ అధ్యాపకులు, విశాఖపట్నం

జవాబు: ఆ పరికరం పేరు గైరోట్రాన్. 1960లలో సోవియట్ యూనియన్‌లోని గోర్కీ నగరంలో, అంటే నేటి నిజ్నీ నొవ్‌గొరొద్‌లో, గపోనొవ్-గ్రెఖొవ్ నాయకత్వంలోని శాస్త్రవేత్తలు దాన్ని రూపొందించారు. అంతవరకు ఉన్న మైక్రోవేవ్ గొట్టాల్లో లోపలి భాగాల కొలతలు తరంగదైర్ఘ్యంతో పోల్చదగినంతగా ఉండాలి. తరంగదైర్ఘ్యం రెండు మిల్లీమీటర్లకు దిగితే ఆ భాగాలు మరీ చిన్నవై, మెగావాటును మోయలేక కాలిపోతాయి. గైరోట్రాన్‌లోని రాగి గది తరంగదైర్ఘ్యం కంటే ఎన్నో రెట్లు పెద్దదిగా ఉండవచ్చు, ఎందుకంటే అక్కడ పౌనఃపున్యాన్ని ముఖ్యంగా నిలబెట్టేది గది కొలత కాక, ఎలక్ట్రాన్ చుట్టుపరుగే.

దాని పనితీరు నాకు ఎప్పుడూ ముచ్చట గొలుపుతుంది. సుమారు 80 వేల వోల్టులతో ఎలక్ట్రాన్లను కాంతి వేగంలో సగానికి తీసుకువచ్చి, బోలుగా ఉన్న పుంజంగా, అతివాహక (విద్యుత్ నిరోధం లేని తీగలతో చేసిన) అయస్కాంతం మధ్యగా పంపుతారు. అక్కడ అవి గిరగిర తిరుగుతాయి. మొదట ఒక్కొక్కటి ఒక్కో దశలో తిరుగుతుంది కాబట్టి ఒకటి తరంగానికి ఇచ్చింది మరొకటి లాక్కుంటుంది, మిగిలేది సున్నా. ఇక్కడ సాపేక్షతా సిద్ధాంతం అడుగుపెడుతుంది. తరంగం నుంచి శక్తి లాక్కున్న ఎలక్ట్రాన్ కొంచెం బరువెక్కి నెమ్మదిగా తిరుగుతుంది. శక్తి ఇచ్చినది తేలికపడి త్వరగా తిరుగుతుంది. ముందున్నవి ఆగుతూ, వెనుకున్నవి అందుకుంటూ చివరికి అన్నీ ఒక గుంపుగా చేరతాయి. ఆ గుంపు తరంగానికి ఎదురు పడే దశలో తిరుగుతూ తన చుట్టుపరుగులోని శక్తిని దానికి ఇచ్చేస్తుంది. ఈ బరువు పెరుగుదల వల్లనే, 140 గిగాహెర్ట్జ్‌కు మామూలు లెక్కలో 5 టెస్లాలు చాలవలసి ఉండగా, గైరోట్రాన్‌లో ఐదున్నరకు పైగా పెట్టాలి.

గమనించారా, ప్లాస్మాలో తరంగం ఎలక్ట్రాన్‌కు శక్తినిస్తే, గైరోట్రాన్‌లో ఎలక్ట్రాన్ తరంగానికి ఇస్తుంది. ఒకే అనునాదం ఒక చివర ఇచ్చేదిగా, మరో చివర పుచ్చుకునేదిగా పనిచేస్తోంది.

శక్తి ఇచ్చాక మిగిలిన ఎలక్ట్రాన్ పుంజాన్ని ఎదురు వోల్టేజితో నెమ్మదింపజేసి, కొంత శక్తిని తిరిగి రాబడతారు. అప్పుడు సామర్థ్యం సుమారు 50 శాతానికి వస్తుంది. రాగి గది గోడల మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోవాట్ల వేడి పడుతుంది కాబట్టి, ఒక గైరోట్రాన్ నుంచి నిరంతరంగా రాబట్టగల శక్తి ఒక మెగావాటు పరిసరాల్లోనే ఉండిపోతోంది. అందుకే వీటిని డజన్ల కొద్దీ పక్కపక్కన పెడతారు.

బయటికి రావడం మరో సమస్య. గైరోట్రాన్ లోపల శూన్యం ఉండాలి, కాబట్టి తరంగాన్ని దాటనిచ్చి గాలిని ఆపే కిటికీ కావాలి. మామూలు పింగాణీ కిటికీ కొద్దిగా శక్తిని మింగినా సెకన్లలో పగిలిపోతుంది. ప్రయోగశాలలో పెంచిన వజ్రపు పలకే దీనికి పరిష్కారమైంది. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల మందమున్న ఆ పలక తరంగాన్ని దాదాపు మింగదు, మింగిన కొద్దిపాటి వేడిని కూడా రాగి కంటే సుమారు ఐదు రెట్లు బాగా అంచులకు చేరవేస్తుంది. అంచుల్లో నీరు ప్రవహిస్తూ దానిని చల్లబరుస్తుంది. అక్కడి నుంచి ఇటర్‌లోనైతే లోపలి గోడకు సన్నని గాడులు చెక్కిన గొట్టాల్లో వంద మీటర్లకు పైగా ప్రయాణం. గ్రైఫ్స్‌వాల్డ్‌లోనైతే గొట్టాలు లేకుండా, నీటితో చల్లబరిచే లోహపు అద్దాల మీద ఒకదాని నుంచి మరొకదానికి పరావర్తనం చెందుతూ ప్రయాణం. వెండెల్‌స్టైన్‌లో తొలి రూపకల్పన ప్రకారం గైరోట్రాన్లు 10.

ప్రశ్న: తరంగాన్ని ఒక కిటికీ గుండా ఒక పక్క నుంచి పంపితే, ప్లాస్మా అంతా సమానంగా వేడెక్కుతుందా? లేక దగ్గరున్న చోటే కాలుతుందా?
– ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు, విజయనగరం

జవాబు: ఈ పద్ధతికి ఇంత విలువ ఎందుకు వచ్చిందో మీ ప్రశ్నకు జవాబు చెబితే తెలుస్తుంది. వేడిని ఎక్కడ దించాలో మనం నిర్ణయించవచ్చు.

టోకమాక్‌లో అయస్కాంత క్షేత్రం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. వలయం లోపలి అంచున బలంగా, బయటి అంచుకు పోయేకొద్దీ, అక్షం నుంచి దూరానికి విలోమానుపాతంలో, తగ్గుతుంది. క్షేత్రం మారితే చుట్టుపరుగు పౌనఃపున్యం మారుతుంది. కాబట్టి ఒక నిర్దిష్ట పౌనఃపున్యంతో వచ్చిన తరంగానికి ప్లాస్మాలో ఒకే ఒక నిలువు పొర దగ్గర అనునాదం కుదురుతుంది. అక్కడిదాకా అది ఎవరినీ తాకకుండా వచ్చి, ఆ పొరలో కొద్ది సెంటీమీటర్ల మందంలోనే తన శక్తిని దాదాపు మొత్తంగా వదిలేస్తుంది. దగ్గరున్న చోటు కాలడం లేదు. వెళ్లవలసిన చోటుకు వెళ్లాకే వేడి దిగుతోంది.

ఆ దిగిన చోటే కాలిపోదా అంటే, లేదు. 10 కోట్ల డిగ్రీల దగ్గర ఎలక్ట్రాన్ వేగం సెకనుకు సుమారు 60 వేల కిలోమీటర్లు. ఇటర్ వంటి వలయాన్ని అది సెకనులో పది లక్షల సార్లకు పైగా చుట్టివస్తుంది. టోకమాక్‌లో అయస్కాంత బలరేఖలు ఉల్లిపొరల్లా ఒకదానిలో ఒకటి ఇమిడిన ఉపరితలాలను అల్లుతాయి. ఎలక్ట్రాన్ తన పొర వెంట ఎంత వేగంగా పోయినా, పక్క పొరలోకి జరగడం చాలా నెమ్మది. కాబట్టి ఒక బిందువు దగ్గర అందిన వేడి రెప్పపాటు కంటే ఎన్నో రెట్లు తక్కువ సమయంలో ఆ పొర మొత్తానికి సర్దుకుంటుంది. మనం ఎంచుకుంటున్నది బిందువును కాదు, పొరను. పంపే అద్దాన్ని కొద్దిగా వంచితే తరంగం అనునాదపు నిలువు పొరను మరో ఎత్తులో తాకి, వేరే ఉల్లిపొరను వేడి చేస్తుంది.

దీని ఉపయోగం ప్లాస్మాకు జబ్బు చేసినప్పుడు తెలుస్తుంది. కొన్ని పొరల దగ్గర బలరేఖలు తెగి, తిరిగి కలిసి, దీవుల్లాంటి ఆకారాలు ఏర్పడతాయి. ఆ దీవి గుండా లోపలి వేడి బయటికి కారిపోతుంది. అది పెరిగితే ప్లాస్మా మొత్తం కూలిపోవచ్చు. దీవి పెరగడానికి కారణం దాని లోపల కొంత కరెంటు లోపించడమే. లోపించిన ఆ కరెంటును సరిగ్గా దీవి నడుమన తిరిగి పుట్టించగలిగితే దీవి కుంచించుకుపోతుంది. జర్మనీలోని గార్హింగ్‌లో ఉన్న ఆస్డెక్స్ అప్‌గ్రేడ్ టోకమాక్‌లో 1990ల చివర మైక్రోవేవ్ తరంగాలతో ఈ పని చేసి చూపించారు. ఇటర్ పై భాగంలో అమర్చబోయే ప్రసార ద్వారాలు ముఖ్యంగా ఈ చికిత్స కోసమే.

తరంగం ఎలక్ట్రాన్లను పక్కకు నెట్టితే కరెంటు ఎలా పుడుతుందని మీ విద్యార్థులు అడగవచ్చు. 1980లో నథానియల్ ఫిష్, ఆలెన్ బూజర్ దీనికి ఇచ్చిన వివరణ ఎంతో అందమైనది. దూసుకువచ్చే రైలు కూత హెచ్చు స్థాయిలో వినిపించినట్టే, తరంగాన్ని ఏటవాలుగా పంపితే దానికి ఎదురొచ్చే ఎలక్ట్రాన్లకు ఒక పౌనఃపున్యం, దూరంగా పోయేవాటికి మరొక పౌనఃపున్యం అనుభవమవుతాయి. అందువల్ల ఒక దిక్కున పోయే ఎలక్ట్రాన్లను మాత్రమే ఎంచి వేడి చేయవచ్చు. వేడెక్కినవి అయాన్లతో తక్కువగా ఢీకొంటాయి కాబట్టి తమ దిక్కున ఎక్కువసేపు సాగుతాయి. ఎదురుదిక్కున పోయేవి మామూలుగానే ఢీకొని ఆగుతుంటాయి. అటు ఇటు సమానంగా ఉన్న ప్రవాహంలో తేడా వచ్చి కరెంటు పుడుతుంది. కొత్తగూడెం పాఠకునికి చెప్పిన జవాబులో వేడి పెరిగితే ఢీలు తగ్గడం మనకు అడ్డంకి అయింది. అదే ధర్మం ఇక్కడ సాధనమైంది.

గోడల నుంచి ఊడివచ్చే టంగ్‌స్టన్ ప్లాస్మా నడిబొడ్డున పోగుపడితే, అది కాంతిగా శక్తిని వెదజల్లి ప్లాస్మాను చల్లార్చేస్తుంది. నడిబొడ్డున మైక్రోవేవ్ వేడిని దించితే ఆ పోగు చెదిరిపోతుందని కూడా ఆస్డెక్స్ అప్‌గ్రేడ్ అనుభవం చూపింది. ఇటర్ గోడలకు టంగ్‌స్టన్‌ను ఎంచుకొని 2024లో ప్రకటించిన సవరణ ప్రణాళికలో ఈ హీటింగ్ వాటాను పెంచడం సబబైన నిర్ణయమని నా అభిప్రాయం.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి ప్రయోగాలు జరుగుతున్నాయా?
– ఇంటర్ విద్యార్థి, కర్నూలు

జవాబు: జరుగుతున్నాయి. గుజరాత్‌లోని గాంధీనగర్ దగ్గర భాట్‌లో ప్లాస్మా పరిశోధన సంస్థ ఉంది. అక్కడ 1989లో ఆదిత్య అనే టోకమాక్ పని మొదలుపెట్టింది. తరువాత కట్టిన ఎస్‌ఎస్‌టీ-1 అతివాహక తీగచుట్టలున్న టోకమాక్. దానిలో తొలి ప్లాస్మా 2013లో పుట్టింది. దాని రూపకల్పనలోని క్షేత్రం 3 టెస్లాలు, ప్రయోగాల్లో వాడినది 1.5 టెస్లా, దాని గైరోట్రాన్ 42 గిగాహెర్ట్జ్, 500 కిలోవాట్లు. మొదటి జవాబులో గుర్తుంచుకోమన్న 42 ఇదే, 28ని 1.5తో గుణించి చూడండి. అతివాహక తీగచుట్టలున్న యంత్రాల్లో కరెంటును మరీ త్వరగా మార్చలేరు కాబట్టి, వాయువును విడగొట్టే విద్యుత్ క్షేత్రం బలహీనంగా ఉంటుంది. ముందుగా మైక్రోవేవ్ తరంగాలతో వాయువును అయనీకరిస్తే ప్లాస్మా నమ్మకంగా మొదలవుతుంది. ఎస్‌ఎస్‌టీ-1లో ఈ పని 42 గిగాహెర్ట్జ్ తరంగాలతోనే చేశారు.

ఇటర్ కోసం మొదట అనుకున్న 24 గైరోట్రాన్లలో జపాన్, రష్యా చెరి 8, ఐరోపా 6, భారత్ 2 సమకూర్చాలని పంపకం జరిగింది. అవి 170 గిగాహెర్ట్జ్, ఒక మెగావాటువి. రాజస్థాన్‌లోని పిలానీలో ఉన్న కేంద్ర ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ఇతర సంస్థలతో కలిసి 42 గిగాహెర్ట్జ్ గైరోట్రాన్‌ను మన దగ్గరే రూపొందించే కృషి చేసింది. ఈ పరికరాన్ని చేయగల దేశాలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. మనం ఆ వరుసలో గట్టిగా నిలబడాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. నువ్వు ఇంటర్‌లో చదువుతున్న అయస్కాంత క్షేత్రంలో ఆవేశ కణపు వృత్తాకార చలనం అనే పాఠమే దీనికి పునాది.

ప్రశ్న: సాంద్రత పెంచితే అయాన్లకు వేడి బాగా అందుతుందని ఎక్కడో చదివాను. అలాగైతే సాంద్రతను ఎంతైనా పెంచుకుంటూ పోవచ్చా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు

జవాబు: పోలేము. ప్లాస్మాలోని ఎలక్ట్రాన్లు ఒక మేరకు మించి చిక్కబడితే, అవి తరంగాన్ని లోపలికి రానివ్వకుండా అద్దంలాగా వెనక్కు తిప్పేస్తాయి. భూమి పైనున్న అయనోస్ఫియర్ షార్ట్‌వేవ్ రేడియో ప్రసారాలను కిందికి తిప్పి పంపేది కూడా ఈ కారణం వల్లనే. తరంగపు పౌనఃపున్యం ఎక్కువైతే ఈ హద్దు పైకి జరుగుతుంది. గ్రైఫ్స్‌వాల్డ్‌లో క్షేత్రం 2.5 టెస్లాలు కాబట్టి చుట్టుపరుగు 70 గిగాహెర్ట్జ్ అయినా, దానికి రెట్టింపు అయిన 140 గిగాహెర్ట్జ్‌ను ఎంచుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. వేడిగా ఉన్న ప్లాస్మాలో రెట్టింపు పౌనఃపున్యం దగ్గర కూడా ఎలక్ట్రాన్లు తరంగాన్ని బాగా పీల్చుకుంటాయి.

అలా ఎంచుకున్నా, మామూలుగా వాడే ధ్రువణంలో (తరంగపు విద్యుత్ క్షేత్రం కంపించే దిక్కును ధ్రువణం అంటారు) ఘనపు మీటరుకు 12 లక్షల కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు దాటలేని గోడ అవుతాయి, 12 తరువాత పంతొమ్మిది సున్నాల స్థాయి అన్నమాట. తరంగపు ధ్రువణాన్ని మార్చి, దాని విద్యుత్ క్షేత్రం అయస్కాంత క్షేత్రానికి సమాంతరంగా ఉండేలా చేస్తే ఈ హద్దు రెట్టింపవుతుంది. అయితే అప్పుడు శోషణ తగ్గిపోయి, తరంగం ఒక్కసారి దాటినంతలో దాని శక్తి అంతా ప్లాస్మాలో దిగదు. అందుకని పుంజం వెళ్లి తగిలే ఎదుటి గోడ మీద గాడులున్న ప్రత్యేక పలకలను అమర్చారు. మిగిలిన తరంగం వాటికి తగిలి మళ్లీ ప్లాస్మా నడుమకే మళ్లుతుంది, ఎదుటి వైపు నుంచి మరొకసారి కూడా అలాగే తిరిగివస్తుంది. ప్లాస్మాను ముందు మామూలు ధ్రువణంతో వేడెక్కించి, తరువాత ధ్రువణాన్ని మార్చి సాంద్రతను ఆ గోడ దాటించడం అక్కడి పరిశోధకులు చేసి చూపారు.